తొమ్మిదో తరగతి దాకా ఆగితే ఆలస్యమే

న్యూఢిల్లీ: తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టే విద్యార్థికి సుమారు 14 ఏళ్లుంటాయి. యుక్తవయసు మార్పులు సాధారణంగా బాలికల్లో 8–13, బాలురలో 9–14 ఏళ్ల మధ్యే మొదలవుతాయి. ఈ తేడాయే 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు దృష్టికి వచ్చింది.

ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక మైనరు బెయిలు కేసులో, పాఠశాలల్లో లైంగిక విద్య ఎలా బోధిస్తున్నారని న్యాయస్థానం ఆ రాష్ట్రాన్ని అడిగింది. 9 నుంచి 12వ తరగతి వరకు బోధిస్తున్నామని సమాధానం వచ్చింది. చిన్న వయసు నుంచే బోధించాలని, యుక్తవయసులో వచ్చే మార్పులు, తీసుకోవలసిన జాగ్రత్తలు పిల్లలకు తెలియాలని జస్టిస్ సంజయ్ కుమార్, జస్టిస్ అలోక్ అరాధేల ధర్మాసనం అభిప్రాయపడింది. కేంద్ర ఆరోగ్యశాఖ 2014 జనవరి 7న ఢిల్లీలో ప్రారంభించిన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10 ఏళ్ల పిల్లలనే కౌమారులుగా లెక్కిస్తుంది. 2005లో తెచ్చిన కౌమార విద్యా కార్యక్రమాన్ని మాత్రం 2007లో పలు రాష్ట్రాలు అడ్డుకున్నాయి.

మన ఇళ్లలోనూ ఇదే ఆలస్యం. ‘సమర్త’, ‘పుష్పవతి’, ‘పెద్దమనిషి’ అంటూ ఆడపిల్లకు తెలుగులో మాటలకు కొదవలేదు. బంధువులందరినీ పిలిచి వేడుక చేస్తారు. తన శరీరంలో ఏం జరిగిందో ఆ పిల్లకు చెప్పేవారు మాత్రం తక్కువ. మగపిల్లవాడి విషయంలో గొంతు మారడం, నూనూగు మీసాల దగ్గరే మాట ఆగిపోతుంది. నిద్రలో వీర్యస్ఖలనం సహజమేనని చెప్పడానికి ఇంట్లో వాడుకమాటే లేదు. ‘స్వప్నస్ఖలనం’ అనే పుస్తకపు మాట పన్నెండేళ్ల పిల్లవాడికి ఏం అర్థమవుతుంది?

నిజానికి రజస్వల కావడం ఆరంభం కాదు. మెదడు నుంచి అందిన సంకేతంతో పీయూష గ్రంథి హార్మోన్లు అండాశయాలను, వృషణాలను ప్రేరేపిస్తాయి. బాలికల్లో సాధారణంగా ముందు రొమ్ములు పెరుగుతాయి, సుమారు రెండు, రెండున్నరేళ్లకు నెలసరి మొదలవుతుంది. బాలురలో ముందు వృషణాలు పెరుగుతాయి, గొంతు మారేది ఆ తరువాతే. అందుచేత తొలి నెలసరి వచ్చాక చెబుదామనుకునే తల్లి అప్పటికే రెండేళ్లు వెనుకబడినట్టు.

నెలసరి మొదలైన తొలి ఒకటి రెండేళ్లు క్రమం తప్పడం సాధారణమే. తోటివారికంటే కాస్త ముందో వెనుకో ఎదగడమూ అంతే. బాలికల్లో 8 ఏళ్లలోపు, బాలురలో 9 ఏళ్లలోపు మార్పులు కనిపించినా, వరుసగా 13, 14 ఏళ్లు వచ్చినా ఏ మార్పూ లేకపోయినా వైద్యుణ్ని సంప్రదించాలి.