పెరటి మట్టి, గంజాయి మొక్క: ‘సేంద్రియం’ అనే మాటకు హద్దు

గంజాయి విషయంలో ఒక వాదన వినవస్తుంది. అది భూమిలోంచి మొలిచే మొక్క. కర్మాగారంలో వండిన మందు కాదు. మన పెరట్లో, మనం చేసుకున్న మట్టిలో, ఎరువు బస్తా ముట్టకుండా, పురుగుమందు చల్లకుండా నాలుగు మొక్కలు పెంచుకుంటే దోషమేమిటి? కొన్నది కాదు, అమ్మేది కాదు, ఒకరికి నష్టం లేదు గదా!

ఈ వాదనను కోపంతో కొట్టివేయడం తేలిక. కాని కోపం సమాధానం కాదు. ఇందులో మూడు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి: మట్టిని గురించినది ఒకటి, మొక్క స్వభావాన్ని గురించినది ఒకటి, పెంచేవాని బాధ్యతను గురించినది మరొకటి. మొదటి ప్రశ్నకు దొరికిన మంచి జవాబును తెచ్చి తక్కిన రెండింటికీ అతికించడమే ఈ వాదనలోని లోపం. కనుక వీటిని విడదీసి పరిశీలిద్దాం.

మట్టి చేసుకోవడం మంచి పనే

చీపురుపల్లి చుట్టుపట్ల మెట్ట భూములు చాలావరకు ఎర్ర నేలలు. వాన నీరు త్వరగా ఇంకిపోతుంది. ఎండ కాస్తే పైపొర గట్టిపడుతుంది. కుళ్లిన ఆకు, పేడ వంటి జీవపదార్థం తక్కువ. అందుకే ఈ ప్రాంతపు రైతు వేసవిలో చెరువు మట్టి తోలడం, వానలకు ముందు పొలానికి గత్తం చేర్చడం అలవాటు చేసుకున్నాడు. పెరటి తొట్టికి, పాదుకు కావలసిన మట్టి కూడా ఇదే పద్ధతిలో తయారవుతుంది.

రాలిన ఆకులు, ఎండు గడ్డి, వంటింటి తొక్కలు, పేడ పొరలు పొరలుగా పేర్చి, పేడనీళ్లు చిలకరించి, పైన మట్టి కప్పాలి. చేతితో పిండితే తడి తగలాలి గాని నీరు కారకూడదు. లోపలి సూక్ష్మజీవులు పని మొదలుపెట్టగానే కుప్ప వేడెక్కుతుంది. ఆ వేడి 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ దాకా పోతే కలుపు విత్తనాలు, చాలా రకాల తెగులు క్రిములు నశిస్తాయి. పదిహేను రోజులకోసారి తిరగవేస్తే మూడు నాలుగు నెలలకు పేడ వాసన పోయి, తొలకరి వాసన వేసే నల్లని పొడి మిగులుతుంది. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు చెరువు మట్టి, ఒక పాలు ఈ గత్తం, నీరు నిలవకుండా కొంచెం ముతక ఇసుక, గుప్పెడు వేపపిండి కలిపితే కూరగాయల తొట్టికి సరిపోతుంది.

ఈ విద్యకు ముస్లిం శాస్త్రజ్ఞుల చరిత్రలో గౌరవస్థానం ఉంది. 11వ శతాబ్దంలో తులైతులా (టొలీడో) నగరానికి చెందిన ఇబ్న్ బస్సాల్, 12వ శతాబ్దంలో ఇష్‌బీలియా (సెవిల్లే) నగరానికి చెందిన ఇబ్నుల్ అవ్వామ్ వ్యవసాయంపై అరబీలో గ్రంథాలు వ్రాశారు. నేలల రకాలు, ఎరువుల రకాలు, పెంటను మాగబెట్టవలసిన అవసరం వాటిలో విడివిడిగా చర్చించబడ్డాయి. ఇబ్నుల్ అవ్వామ్ గ్రంథం 1802లో స్పానిష్ భాషలోకి, 1864-67 మధ్య ఫ్రెంచి భాషలోకి అనువదించబడింది. మన దేశంలో మొగలు రాకుమారుడు దారా షికోహ్ పేరిట ఉన్న పారశీక వ్యవసాయ గ్రంథం ఆంగ్లానువాదాన్ని 2000లో సికిందరాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ ప్రకటించింది. మట్టిని బాగుచేయడం భూమిపట్ల మనిషి నెరవేర్చే బాధ్యత అనడంలో సందేహం లేదు.

మట్టి మొక్క స్వభావాన్ని మార్చదు

ఇక రెండో ప్రశ్న. ‘సేంద్రియం’ అనే మాట పెంచిన పద్ధతిని తెలుపుతుంది. పెరిగిన వస్తువు గుణాన్ని తెలపదు. గంజాయిలో మత్తు కలిగించే ముఖ్య పదార్థాన్ని టీహెచ్‌సీ అంటారు. 1964లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు మెషూలమ్, గావోనీ దానిని విడదీసి, నిర్మాణాన్ని నిర్ణయించారు. ఆడ మొక్క పూత మీద ఉండే సన్నని జిగురు గ్రంథులలో మొక్క తనంతట తానే దీనికి మూలమైన పదార్థాన్ని తయారుచేసుకుంటుంది. ఎరువు బస్తా నుంచి వచ్చేది కాదు గనుక బస్తా మానినంత మాత్రాన పోయేదీ కాదు. యూరియా వేసిన మొక్కకూ, గత్తం వేసిన మొక్కకూ ఈ విషయంలో భేదం లేదు. సేంద్రియ పద్ధతి వల్ల తగ్గేది పురుగుమందుల అవశేషం మాత్రమే.

మరో సంగతి కూడా గమనించాలి. గంజాయి జాతి మొక్కకు నేలలోని సీసం, కాడ్మియం వంటి లోహాలను లాగి తనలో నిలుపుకునే గుణం ఉంది. కలుషితమైన నేలలను శుభ్రపరచడానికి ఈ జాతిని నాటి చూసింది కూడా అందుకే. చీపురుపల్లి, గరివిడి ప్రాంతంలో మాంగనీసు తవ్వకాలు 1890ల నాటివి; లోహ కర్మాగారమూ నడిచింది. గని తవ్వి పోసిన మట్టి, లోహపు చిట్టెం కలిసిన మట్టి తొట్లలోకి తెచ్చుకోరాదు. ఈ జాగ్రత్త గంజాయికే కాదు, కూరగాయలకు అంతకంటె అవసరం. రసాయనం చల్లలేదు గనుక శుద్ధమైనదే అనుకోవడం పొరపాటు.

యువకులలో, ముఖ్యంగా తరచు వాడేవారిలో, గంజాయికీ తీవ్రమైన మానసిక వ్యాధులకూ గల సంబంధాన్ని వైద్య పరిశోధనలు చూపాయి. ఆ మొక్క తొట్టిలో పెరిగిందా, కొండవాలులో పెరిగిందా అన్న విచక్షణ మెదడుకు లేదు.

ధర్మశాస్త్రజ్ఞులు ఏమన్నారు?

పెరటి గంజాయి కొత్త సమస్య కాదు. మాలఖా (మాలగా)లో జన్మించిన గొప్ప వృక్షశాస్త్రజ్ఞుడు ఇబ్నుల్ బైతార్ (మరణం 1248) భారతీయ గంజాయిని తాను ఈజిప్టులో చూశానని, అక్కడ దానిని తోటలలో పెంచుతారని, హషీషా అంటారని నమోదు చేశాడు. అంటే ఏడు వందల యాభై ఏళ్లకు పూర్వమే, ఏ రసాయన ఎరువూ పుట్టని కాలంలో, ఇదే ప్రశ్న ముస్లిం సమాజం ముందుకు వచ్చింది.

దివ్య ఖుర్ఆన్‌లో గంజాయి పేరు లేదు. కాబట్టి ధర్మశాస్త్రజ్ఞులు దాని ప్రభావాన్ని బట్టి నిర్ణయం చేయవలసి వచ్చింది. మత్తు కలిగించే ప్రతిదీ మద్యం కోవలోనిదేనని తెలిపే హదీసులు వారికి మూలాధారం. మాలికీ పండితుడు అల్-ఖరాఫీ (మరణం 1285) మత్తెక్కించేవి, నిద్రపుచ్చేవి, బుద్ధిని చెడగొట్టేవి అని పదార్థాలను మూడు విధాలుగా విభజించి, గంజాయిని మూడో కోవలో చేర్చాడు. ఇబ్న్ తైమియా (1263-1328) ఆ విభజనను అంగీకరించక, అది మద్యం వంటిదేనని, మద్యానికి విధించే శిక్షే దీనికీ వర్తిస్తుందని వాదించాడు. షాఫిఈ పండితుడు అజ్-జర్కషీ (1344-1392) ఈ విషయం మీదనే ఒక ప్రత్యేక గ్రంథం వ్రాశాడు. 1971లో ఫ్రాంజ్ రోజెంథాల్ ప్రకటించిన ‘ది హెర్బ్’ అనే పరిశోధన ఈ చర్చలన్నిటినీ ఒకచోట చేర్చింది.

ఇక్కడ ఒక విషయం గమనార్హం. వారి మధ్య భేదం శిక్ష ఎంత, వస్తువు అశుద్ధమా కాదా, అతి స్వల్ప మోతాదు సంగతేమిటి అన్న అంశాల మీద వచ్చింది. బుద్ధిని పోగొట్టుకునేందుకు వాడవచ్చునా అన్న దానిమీద రాలేదు. ఎలా పెంచారన్నది ఎవరికీ ప్రమాణం కాలేదు. ద్రాక్ష హలాల్, దానిని పెంచిన మట్టి పవిత్రం, అయినా దాని నుంచి తీసిన సారాయి హరాం. మూలం శుద్ధమైతే ఫలితమూ శుద్ధమనే వాదన ద్రాక్ష దగ్గరే వీగిపోయింది. ప్రాణావసరమైన చికిత్సకు సంబంధించిన మినహాయింపు వేరు. దాని హద్దును నిర్ణయించేది వైద్యుని అవసర నిర్ణయం, పెరటి యజమాని కోరిక కాదు.

చట్టం దృష్టిలో ఒక్క మొక్క

మాదకద్రవ్యాల చట్టం 1985 నవంబరు 14 నుంచి అమలులో ఉంది. అది ‘గంజాయి’ అనే మాటకు పూత, కాయ పట్టిన కొసలు అని అర్థం చెప్పింది. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకును, గింజను ఆ నిర్వచనం నుంచి తప్పించింది. దీనిని పట్టుకుని ‘ఆకు కోసం పెంచితే నేరం కాదు’ అనుకునేవారున్నారు. అది సరికాదు. 8వ సెక్షను అనుమతి లేకుండా గంజాయి మొక్కను సాగు చేయడాన్నే నిషేధించింది. మొక్క అంటే ఆ ప్రజాతికి చెందిన ఏ మొక్కయినా సరే. 20వ సెక్షను ప్రకారం సాగుకు 10 ఏళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. ఇన్ని మొక్కల లోపు అయితే పరవాలేదనే మినహాయింపు చట్టంలో లేదు; ఇంటి అవసరానికి అనే మినహాయింపూ లేదు. తన భూమిలో ఇటువంటి సాగు జరుగుతున్నట్టు తెలిసిన భూయజమాని అధికారులకు తెలియజేయాలని 46వ సెక్షను చెబుతోంది. కొడుకు మేడమీద తొట్టిలో పెంచుతున్నాడని తెలిసి ఊరుకునే తండ్రి ఈ మాట గుర్తుంచుకోవాలి.

నార కోసం, గింజ కోసం సాగును ప్రభుత్వం ప్రత్యేక ఉత్తర్వుతో అనుమతించే వీలును 14వ సెక్షను కల్పించింది. ఉత్తరాఖండ్ ఆ దారిలో మత్తు గుణం అతి తక్కువగా ఉండే రకాలకు అనుమతులిచ్చింది. అది లైసెన్సు మీద, తనిఖీ మీద నడిచే సాగు. పెరటి వ్యవహారం కాదు.

ఈ చట్టం బరువు ఎవరిమీద పడుతుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. పాత విశాఖ ఏజెన్సీలో, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, 2021 చివర ‘పరివర్తన’ పేరుతో అధికారులు వేల ఎకరాల గంజాయి తోటలను నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి వద్ద పట్టుబడిన సరుకు సుమారు 2 లక్షల కిలోలు తగులబెట్టారు. పెట్టుబడి పెట్టినవాడు బయటివాడు; పండించినవాడు గిరిజనుడు; మూట మోస్తూ దొరికినవాడు కూలికి ఆశపడిన కుర్రవాడు. జైలు గోడల లోపల ఏళ్ల తరబడి మిగిలిపోయేది ఎక్కువగా ఈ చివరి ఇద్దరే. ‘ఒకరికి నష్టం లేదు’ అన్న మాటకు ఆ తల్లిదండ్రులే సమాధానం.

అదే మట్టికి తగిన పంటలు

నార మొక్కల పట్ల ఆసక్తి గలవారికి మన ప్రాంతంలోనే రెండున్నాయి. ఒకటి జనుము. ఆంగ్లంలో దీని పేరులోనూ, గంజాయి నార పేరులోనూ ఒకే మాట ఉండడం వల్ల రెండూ ఒకటేనని కొందరు భ్రమపడతారు. జనుము పప్పు జాతిది, మత్తు లేనిది; వేళ్ల బుడిపెలలో గాలిలోని నత్రజనిని నిలుపుతుంది. పూతకు వచ్చే వేళ, సుమారు 45 రోజులకు, నేలలో కలియదున్నితే అదే ఎరువు. రెండోది గోగు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు దీనికి పేరుపొందినవి. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధనా స్థానం దీనిమీద పని చేసింది. గోగులో ఒక జాతి ఆకు చీలికలు గంజాయిని పోలి ఉంటాయి. దాని శాస్త్రీయ నామం ‘కన్నాబినస్’ అన్న మాటకు అర్థం అదే. కాబట్టి పొరుగువారి పెరట్లో చీలిక ఆకు కనబడగానే అనుమానపడి నింద వేయడం కూడా తగదు.

పెరటిలో మట్టి చేసుకున్నవారు దానిలో గోంగూర, చిక్కుడు, ఆనప, బీర, వంగ పెట్టుకోవచ్చు. ఇప్పటికే గంజాయి అలవాటు పడి మానలేకపోతున్నవారు 14446 అనే జాతీయ ఉచిత నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చు. స్వల్ప పరిమాణానికి సంబంధించిన కేసులలో, తనంతట తాను గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు ముందుకు వచ్చిన వ్యసనపరునికి చట్టంలోని 64ఎ సెక్షను రక్షణ కూడా కల్పించింది. ఇంటివారు ఆ పిల్లవానిని దాచిపెట్టడం కంటె, వెలివేయడం కంటె, వెంటబెట్టుకుని వైద్యుని వద్దకు తీసుకుపోవడం మేలు.

మట్టి తనలో పడిన ప్రతి గింజనూ పెంచుతుంది; మంచిచెడ్డల ఎంపిక దానికి లేదు. ఆ ఎంపిక చేయవలసినది బుద్ధి. ఆ బుద్ధినే మసకబార్చే మొక్కను పెంచేందుకు మట్టి శుభ్రతను సాకుగా చూపడం చెల్లదు.