క్వోటా అంటే కోటా కాదు

కోటా అనగానే మనకు రేషన్ బియ్యమో, సీట్ల కేటాయింపో గుర్తొస్తుంది. ఇటలీలో సర్వేయరు తన కాగితం మీద ‘క్వోటా’ అని రాశాడంటే అది ఎత్తు. అదీ మామూలుగా సముద్రమట్టం నుంచి కొలిచిన ఎత్తు. ఇంగ్లీషులోనూ అదే స్పెల్లింగుతో ఒక మాట ఉంది కదా అని అలాగే దించేస్తే నివేదిక నవ్వులపాలే.

ఉపగ్రహాలతో స్థానం, దారి తెలుసుకునే ఐరోపా వ్యవస్థకు గెలీలియో పేరే పెట్టారు. దాని రెండు ప్రధాన నియంత్రణ కేంద్రాల్లో ఒకటి ఇటలీలోని ఫుచినోలో ఉంది. ఈ రంగంలో ఇటాలియన్ రాతల్ని ఇంగ్లీషులోకి మార్చేవారి తిప్పలు, ఇంట్లో ఒక భాష, వీధిలో ఒకటి, పుస్తకంలో ఇంకొకటిగా పెరిగే మన పిల్లలకు కొత్తేమీ కాదు.

ఎత్తు సంగతే తీసుకుందాం. ఉపగ్రహాలను బట్టి రిసీవరు మొదట లెక్కగట్టేది సముద్రమట్టం నుంచి ఎత్తు కాదు. భూమిని ధ్రువాల దగ్గర కాస్త నొక్కిన నున్నటి బంతిగా ఊహించి, ఆ ఊహా ఉపరితలం నుంచి లెక్కిస్తుంది. ఇటాలియన్‌లో దీనికి వేరే పేరుంది: ‘అల్టెట్సా ఎల్లిస్సోయిడికా’. అనువాదకుడు రెంటికీ ‘హైట్’ అని ఊరుకుంటే, ఇటలీలో చాలాచోట్ల 40 మీటర్లకు పైగా తేడా వస్తుంది. మన దక్షిణాదిన తేడా ఇంకా ఎక్కువ, అదీ ఎదురు దిక్కులో. చెన్నై తీరాన నిలబడితే ఆ లెక్కలో సుమారు మైనస్ 90 మీటర్లు! ఫోనులో ఏదైనా యాప్ అలా చూపిస్తే ఫోను పాడైందనుకోనక్కర్లేదు.

‘ప్రెచిజియోనె’ మరో చిక్కు. మనం ఖచ్చితత్వం అన్నట్టే వాళ్లూ వాడుకలో దాన్ని రెండు అర్థాలకూ వాడేస్తారు. ఎత్తయిన మేడల నడుమ సంకేతాలు గోడలకు తగిలి వస్తాయి. పది రీడింగులూ ఒకేచోట గుమిగూడి, ఆ చోటు అసలు స్థానానికి 30 మీటర్ల దూరంలో ఉందనుకోండి. ఇంగ్లీషులో దానికి ప్రెసిషన్ ఉంది, ఆక్యురసీ లేదు. రాసినవాడి ఉద్దేశం ఏదో అడగాల్సిందే, నిఘంటువు చెప్పదు.

అంకెలూ మోసగిస్తాయి. ఇటలీలో దశాంశానికి కామా, వేలకు చుక్క. వాళ్ల 1.500 మీటర్లు పదిహేను వందలు. మన పిల్లవాడు ఒకటిన్నర అని చదువుతాడు. పాత ఇటాలియన్ పటాల్లో రేఖాంశాన్ని గ్రీనిచ్ నుంచి కాక రోమ్‌లోని మోంటె మారియో కొండ నుంచి లెక్కించేవారు. అందుకే టూరిన్ నగరం గ్రీనిచ్‌కు తూర్పున, ఆ కొండకు పడమరన ఉంటుంది. ‘పడమర’ అన్న మాటను తప్పు లేకుండా అనువదించినా స్థానం తప్పుతుంది.

పదో తరగతి దాటగానే మన పిల్లల్లో చాలామంది ఇంగ్లీషు పుస్తకాల్లో పడతారు. అక్షాంశానికి లాటిట్యూడ్, రేఖాంశానికి లాంగిట్యూడ్ అని జంటలు బట్టీ పట్టించి పంపితే సరిపోదని మా అభిప్రాయం. మేము పదాల పట్టిక రాయించేటప్పుడు తెలుగు మాట, ఇంగ్లీషు మాట పక్కన మూడో గడి గీయిస్తున్నాం: ‘ఎక్కడి నుంచి కొలుస్తాం?’ అది నిండడానికే ఎక్కువ సేపు పడుతోంది.