రంగు సరే, పిండి ఏదీ?

చిలగడదుంప గింజ నుంచి మొలిచే ప్రతి మొక్కా ఓ కొత్త రకమే. మనం తీగ ముక్కలే నాటుతాం కాబట్టి ఆ సంగతి కంటపడదు. దీని కణంలో 90 క్రోమోజోములుంటాయి, అంటే ఒక్కో క్రోమోజోముకు ఆరేసి ప్రతులు. పైగా సొంత పుప్పొడితో చాలా రకాలు గింజ కట్టవు. అందుకే ఒకే కాయలోని రెండు గింజలకూ పోలిక కుదరదు. పరిశోధకులకు ఇది తలనొప్పే. కానీ వేల మొక్కల్లో మంచిది ఒక్కటి దొరికితే చాలు, దాని తీగ తుంచి నాటితే గుణాలన్నీ అలాగే దిగుతాయి. వరిలోలా తరాల తరబడి స్థిరపరచే పని లేదు.

మొజాంబిక్‌లో ఈ వెసులుబాటే అక్కరకొచ్చింది. అక్కడి పిల్లల్లో విటమిన్ ఎ లోపం ఎక్కువ, పొలాల్లోనేమో తెల్ల గడ్డలే ఎక్కువ. నారింజ రంగు గడ్డలోని బీటా కెరోటిన్ ఒంట్లో విటమిన్ ఎగా మారుతుంది. చిన్నపిల్లలకు రోజుకు 125 గ్రాములు సరిపోతుంది. అయితే బయటి నుంచి తెచ్చిన నారింజ రకాలు నిలవలేదు. కెరోటిన్ పెరిగితే సాధారణంగా పిండి తగ్గుతుంది. ఉడికిస్తే మెత్తగా, చెమ్మగా ఉండే గడ్డ పిల్లలకు నచ్చినా, పొడిపొడిగా తినే అలవాటున్న పెద్దలకు రుచించలేదు. అంతకంటే పెద్ద చిక్కు కరువు. నెలల తరబడి వాన లేక తీగ ఎండితే, మళ్లీ నాటడానికి ముక్కయినా మిగలదు. విత్తనమే పోయాక పోషకాల మాటెందుకు!

లిమాలోని అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం తరఫున కేప్ వెర్డీకి చెందిన మరియా ఆండ్రాడే మొజాంబిక్‌లో పనిచేశారు. కొత్త మొక్కలను ఒకచోట పరీక్షించాక మరోచోటికి తీసుకెళ్లే పద్ధతి మాని, మొదటి నుంచీ వేర్వేరు నేలల్లో ఒకేసారి నాటించారు. దాదాపు 8 ఏళ్ల పని 4, 5 ఏళ్లకు దిగింది. 2011లో కరువును తట్టుకునే 15 నారింజ రకాలు విడుదలయ్యాయి. ఐరీన్, డెల్వియా, ఎస్తేర్... చాలావాటికి ఆడవాళ్ల పేర్లే!

గుణాలను మోసే తీగే వైరస్‌లనూ మోస్తుంది. తెల్లదోమ, పేనుబంక వ్యాపింపజేసే రెండు వైరస్‌లు ఒకే మొక్కలో కలిస్తే దిగుబడి కుప్పకూలుతుంది. ఉగాండాలో పరిశోధకుడు రాబర్ట్ మ్వాంగా ఈ తెగులు మీదే ఏళ్లు వెచ్చించారు. 2016 ప్రపంచ ఆహార బహుమతి వీరిద్దరితో పాటు జాన్ లో, హోవార్త్ బౌయిస్‌లకూ దక్కింది.

మన దేశంలో తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధనా సంస్థ ‘భూ సోనా’ అనే నారింజ రకాన్ని తెచ్చింది. 100 గ్రాములకు 13 మిల్లీగ్రాములకు పైగా బీటా కెరోటిన్, పిండి కూడా తక్కువేం కాదు. ఇక గడ్డను తొలిచే ముక్కు పురుగు మాత్రం ఏ దేశపు పరిశోధకులకూ పూర్తిగా లొంగలేదు. ప్రస్తుతానికి నేల పగుళ్లివ్వకుండా మట్టి ఎగదోయడం, గడ్డ ఊరగానే తవ్వేయడం వంటివే దారి.