రాంనగర్ వకీలు ఆఫీసులో నాలుగు వారాలు



బి.ఇడి. చదివే సార్లు, మేడాలు మన క్లాసుకు వచ్చి పాఠాలు చెప్పి పని నేర్చుకుంటారు. డాక్టరు చదివేవాళ్లు ఆస్పత్రిలో నేర్చుకుంటారు. మరి లా చదివేవాళ్లు ఎక్కడ నేర్చుకోవాలి? వకీలు ఆఫీసులో, కోర్టులో. దీన్నే ఇంటర్న్‌షిప్ అంటారు.

మన హాస్టల్లోనే పదో తరగతి దాకా చదివిన ఒక అక్క ఇప్పుడు హైదరాబాదులో లా చదువుతున్నది. ఆమె రాంనగర్‌లోని ఒక వకీలు ఆఫీసులో నాలుగు వారాలు పని నేర్చుకున్నది. దసరాకు ఇంటికి వచ్చినప్పుడు అడిగి తెలుసుకున్న సంగతులను మన గోడపత్రిక పాఠకుల కోసం రాస్తున్నాను.

ఎన్ని వారాలు చేయాలి?

ఇది ఇష్టముంటే చేసే పని కాదు, తప్పనిసరి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో చేసిన నియమాల ప్రకారం మూడేళ్ల కోర్సు వాళ్లు మొత్తం 12 వారాలు, అయిదేళ్ల కోర్సు వాళ్లు 20 వారాలు చేయాలి. ఏ ఏడాదిలోనైనా వరుసగా నాలుగు వారాలకు మించరాదు. చదువు పూర్తయ్యేలోపు ఒక్కసారైనా కింది కోర్టులో, పై కోర్టులో వాదించే వకీళ్ల దగ్గర పని చేసి తీరాలి.

ఆఫీసు ఎట్లుంటది?

రాంనగర్, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పక్కపక్కనే ఉంటాయి. రాంనగర్ చేపల మార్కెట్‌కు పేరు పడింది. ఉస్మానియా యూనివర్సిటీ దూరం కాదు. చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లతో నిండి ఉంటది. ఈ గల్లీల్లో ఇంటి ముందు గదే ఆఫీసుగా పెట్టుకున్న వకీళ్లు ఉన్నారు. అక్క వెళ్లిన ఆఫీసు కూడా అట్లాంటిదే. గోడ పొడుగునా తీర్పుల పుస్తకాలు, తాడుతో కట్టిన కేసు కట్టలు. ఒక సీనియర్ సారు, ఇద్దరు జూనియర్లు, ఒక గుమాస్తా ఉంటారు. పగలంతా కోర్టు ఉంటది కాబట్టి అసలు ఆఫీసు సాయంత్రం మొదలవుతుంది.

రోజూ చేసే పని

పొద్దున మొదటి పని కాజ్ లిస్టు చూడటం. ఆ రోజు ఏ కోర్టు హాల్లో ఏ కేసు ఎన్నో నెంబరుకు వస్తదో అందులో ఉంటది. ఇప్పుడు అది సెల్‌ఫోన్‌లోనే కనిపిస్తుంది. నెంబరు పిలిచినప్పుడు వకీలు లేకుంటే కేసు కొట్టేసే ప్రమాదం ఉంది.

తర్వాత జూనియర్ సారుతో హైకోర్టుకు పోవాలి. మూసీ ఒడ్డున ఉన్న ఆ ఎర్రరాతి భవనాన్ని 1920లో తెరిచారు. తెలంగాణకు వేరే హైకోర్టు 2019 జనవరి 1న ఏర్పడింది. ఇంటర్న్ నల్లకోటు వేసుకోవచ్చు కానీ వకీలు వేసుకునే గౌను, మెడ దగ్గర తెల్ల బ్యాండ్లు వేసుకోరాదు. జడ్జిగారి ముందు వాదించరాదు. చూడాలి, వినాలి, రాసుకోవాలి.

సాయంత్రం ఆఫీసులో కట్ట విప్పి, అందులోని కాగితాలను తేదీల వరుసలో పెట్టి, ఒక పేజీలో జరిగింది రాయాలి. "వకీలు పనిలో సగం ఇదే. సినిమాల్లో చూపే అరుపులు తక్కువ, చదువుడు ఎక్కువ" అన్నది అక్క.

ఇంకొక కట్టుబాటు ఉంది. క్లయింటు చెప్పిన మాట బయట పెట్టరాదు. అందుకే కింద రాసిన సంగతి చెప్పడానికి కూడా అక్క సీనియర్ సారును, ఆ మనిషిని అడిగి ఒప్పించుకున్నది. పేరు, ఊరు మాత్రం మేము ఎంత అడిగినా చెప్పలేదు.

తాత మాట కాగితం మీదికి రాలేదు

ఏజెన్సీ నుండి ఒక గోండు తాత భూమి కేసు కోసం ఆ ఆఫీసుకు వచ్చిండట. అవతలి మనిషి ఆ చేను 1963కు ముందే కొన్నానంటున్నడు. ఆ సంవత్సరమే ఎందుకో తెలియాలంటే చట్టం తెలియాలి.

ఏజెన్సీ భూముల రెగ్యులేషన్ 1959లో వచ్చింది. తెలంగాణ ప్రాంతంలో 1963 డిసెంబరు 1 నుండి అమలైంది. దాన్ని గట్టిపరుస్తూ 1970లో 1వ నెంబరు రెగ్యులేషన్ వచ్చింది. మనం 1/70 చట్టం అనేది దీన్నే. దీని ప్రకారం ఏజెన్సీలో భూమిని గిరిజనేతరులకు అమ్మితే చెల్లదు. అమ్మినవాడు గిరిజనేతరుడైనా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుల నుండే వచ్చిందని మొదట అనుకోవాలి. కాదని రుజువు చేసే బరువు అతని మీదనే ఉంటుంది. ఈ చట్టం సరైనదేనని సుప్రీంకోర్టు 1988లో చెప్పింది. 1997లో సమత కేసులో ఇంకా ముందుకు పోయి, ఏజెన్సీలోని సర్కారు భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వరాదన్నది.

చట్టం ఇంత బలంగా ఉన్నా తాత ఎందుకు తిరుగుతున్నడు? తెలుగులో అడిగితే ఆయన రెండు మూడు మాటలే చెప్పి ఊరుకునేవాడట. అక్క గోండిలో అడిగింది. అప్పుడు ఆయన, "నా పెళ్లికి ఆ చేను జొన్నలే వండినం" అన్నడు. పెళ్లి ఏ ఏడు జరిగిందో ఆయనకు తెలియదు. పెద్ద కొడుకు వయసును బట్టి లెక్క వేస్తే 1963 తర్వాతే అని తేలింది. అంటే అప్పటికి చేను వాళ్ల చేతిలోనే ఉందన్నమాట!

ఆ మాట కట్టలో ఎక్కడా లేదు. మొదట విచారణ జరిగినప్పుడు ఎవరూ రాయలేదు. పై కోర్టుకు వచ్చాక కొత్త సాక్ష్యం పెట్టడం తేలిక కాదట. సీనియర్ సారు ఆ ఏళ్ల పహాణీ నకళ్ల కోసం వెంటనే దరఖాస్తు పెట్టించారు. కేసు ఇంకా నడుస్తున్నది.

మిత్రులారా, ఇక్కడే ఆలోచించాలి. మన భాష, మన పండుగలు, మన పంటల లెక్క తెలిసిన మనిషి ఒక్కరు మొదటి ఆఫీసులోనే ఉండి ఉంటే ఆ మాట అప్పుడే కాగితం మీదికి వచ్చేది. చట్టం మన వైపు ఉంటే సరిపోదు, మన మాట రాసేవాళ్లు కూడా ఉండాలి.

మనం తెలుసుకోవలసినవి

1. ఇంటర్ తర్వాత అయిదేళ్లు, డిగ్రీ తర్వాత మూడేళ్లు చదివితే లా పూర్తవుతుంది. దానికి లాసెట్ పరీక్ష రాయాలి. సంగారెడ్డిలో గిరిజన గురుకుల లా కాలేజీ ఉంది.

2. వకీలుగా పేరు నమోదు చేసుకోవడానికి ఎస్సీ, ఎస్టీల నుండి 125 రూపాయలకు మించి ఫీజు తీసుకోరాదని సుప్రీంకోర్టు 2024 జూలైలో తీర్పు ఇచ్చింది. పైసలు లేవని ఈ చదువు వదులుకోవద్దు.

3. 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం కింద ఎస్టీలకు ఆదాయం ఎంతున్నా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100 నెంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు.

4. ఏ కాగితం మీదనైనా వేలిముద్ర వేసేముందు దాన్ని పూర్తిగా చదివించుకొని వినాలి. నోటీసు వస్తే చూరులో చెక్కి మరిచిపోవద్దు, అందులో వాయిదా తేదీ ఉంటది.

సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ట్రంకుపెట్టెలో ఉన్న పట్టా కాగితాలు, పహాణీలు బయటికి తీయండి. నాయనకు, అవ్వకు చదివి వినిపించండి. చేను ఎప్పటి నుండి దున్నుతున్నరో తాతను అడిగి, ఆయన చెప్పిన మాట చెప్పినట్లే నోటుబుక్కులో రాసి, కింద తేదీ వేయండి. దానికి లా కాలేజీ దాకా పోవలసిన పని లేదు, మనకు వచ్చిన చదువు చాలు.

— 10వ తరగతి విద్యార్థి