నిమ్మాకుపై వెండిగీత

లేత నిమ్మాకును వెలుగుకెత్తి చూస్తే ఒక్కొక్కప్పుడు వెండిదారం వంటి గీత కనిపిస్తుంది. దాని నడుమ సన్నని నల్లచార. గీత ఒక పురుగు నడిచిన బాట. చార దాని మలం.

ఆకుతొలుచు పురుగని రైతులు పిలిచే ఈ జీవిని 1856లో స్టెయిన్‌టన్ అనే ఆంగ్లేయుడు కలకత్తా నమూనాలనుబట్టి వర్ణించి, ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా అని నామకరణం చేశాడు. పేరు బారెడు, ప్రాణి బియ్యపుగింజలో సగముండదు. తెల్లని ముందురెక్కల కొనల్లో ఒక్కొక్క నల్లచుక్క మాత్రం దాని ఆనవాలు.

తల్లి లేత ఆకుమీదనే గుడ్డు పెడుతుంది. వెలువడిన పిల్ల గాలి మొగమైనా చూడకుండా నేరుగా ఆకుపొరలోకి దిగుతుంది. ఇల్లూ అదే, అన్నమూ అదే. అది ఆకును నమలదు. పైపొర కణాలను చీల్చి రసం త్రాగుతుంది. అందువల్లనే అడుగున పచ్చదనం మిగిలి, పైపొర వెండిలా మెరుస్తుంది. చివరకు ఆకు అంచును మడుచుకొని ఆ మడతలోనే రెక్కలు తెచ్చుకుంటుంది.

నిమ్మ, బత్తాయి, నారింజ, పంపరపనస అన్నీ దాని విడిదులే. వాటి బంధువైన మారేడును కూడా విడువదు. కాని ఆకు ముదిరిందా, అక్కడ దానికి చోటులేదు. కనుక కాపుకాసే చెట్టు ఈ నష్టాన్ని అంతగా లెక్కచేయదు. ఒళ్లంతా చిగురే అయిన నర్సరీ మొక్కకే కష్టం.

అసలు ముప్పు మరొకటి ఉంది. పురుగు చీల్చిన పొరగుండా గజ్జితెగులు సూక్ష్మజీవి లోపలికి చొరబడుతుంది. పురుగు దానిని మోసుకురాదు. తలుపు తెరిచిపెడుతుంది, అంతే. ఈ పురుగు 1993లో అమెరికాలోని ఫ్లారిడాలో కాలుమోపింది. రెండేళ్లకు అక్కడ గజ్జితెగులు మళ్లీ కనిపించింది. తెగులును నిర్మూలించాలని కోటికి పైగా చెట్లను నాశనం చేశారు. తుపానులు దానిని ఇంకా దూరం వెదజల్లగా, 2006లో ఆ ప్రయత్నమే విరమించుకున్నారు.

మందు చల్లితే? పొరచాటున ఉన్న పురుగుకు చాలా మందులు అందవు. దానిని వేటాడే చిన్న కందిరీగలు మాత్రం చస్తాయి. ఫ్లారిడావారు 1994లో ఆస్ట్రేలియా నుండి అటువంటి నలుసంత కందిరీగనే తెప్పించి వదిలారు. అది పురుగు గుడ్డులోనే తన గుడ్డు పెడుతుంది. ఆ ఒక్క గుడ్డు చీలి అనేక పిల్లలవుతుంది.

గజ్జితెగులుకు బత్తాయికంటె నిమ్మ త్వరగా లొంగుతుంది. వానలతో నిమ్మ చిగురు తొడుగుతుంది. ఆ చిగురుకే పురుగు వస్తుంది. ఆ వానచినుకులతోనే తెగులు ఆకునుండి ఆకుకు చిందుతుంది. గూడూరు ప్రాంతపు నిమ్మరైతు వేపగింజల కషాయం చల్లదలిస్తే, అందుకు అదను చిగురు విచ్చుకునే ఆ కొద్దిరోజులే.