డెబ్బై వేల మూటల చిట్టా

2025 ఆగస్టు 9వ తేదీన డెబియన్ అనే కంప్యూటర్ వ్యవస్థ పదమూడవ కూర్పు వెలువడింది. దానితో లోకానికి ఉచితంగా అందిన సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల సంఖ్య 69 వేలకు పైమాటే. ఉత్తరాలు వ్రాసుకునే పనిముట్టు మొదలుకొని జన్యువుల వరుసను పోల్చి చూసే పనిముట్టు వరకు, తెలుగు అక్షరాలను తెరపై నిలిపే లోహిత్ ఫాంటు వరకు అందులో ఉన్నాయి. ఈ సంపదకు యజమాని లేడు. దీనిని కూర్చేవారు అనేక దేశాలలో చెదరి ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు. వారిలో చాలామంది ఒకరి ముఖం ఒకరు చూసి ఎరుగరు.

ఇంత సరుకు ఒకచోట చేరినప్పుడు తలెత్తే ప్రశ్నలు ప్రతి గిడ్డంగిలోనూ తలెత్తేవే. ఏది ఎక్కడ ఉన్నది? ఏది దేనికి పనికివస్తుంది? ఏది పాడైపోయింది? ఏ వస్తువును కనిపెట్టి ఉండే మనిషి లేకుండా పోయాడు? ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పే వెబ్ పుటలను నిర్మించడం డెబియన్‌లో ఒక ప్రత్యేక వ్యాసంగం. సాఫ్ట్‌వేర్ సృష్టించినవారికి ఎంతో కొంత కీర్తి దక్కుతుంది. దాని చిట్టా వ్రాసినవారిని తలచుకునేవారు అరుదు.

డెబియన్ పుట్టుక 1993 ఆగస్టు 16న. అంతకు రెండేళ్ళ ముందు, 1991లో, హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్ అనే కెర్నెల్‌ను వ్రాసి లోకం ముందుంచాడు. కెర్నెల్ అంటే కంప్యూటర్ యంత్రాంగాన్ని నడిపించే మూలభాగం. కాని దానితో మాత్రమే ఎవరి పనీ జరగదు. చుట్టూ వేలాది ఉపకరణాలు కావాలి, అవి ఒకదానితో ఒకటి పొసగాలి. అలా పొసిగేటట్లు కూర్చి అందించే సంకలనాన్ని డిస్ట్రిబ్యూషన్ అంటారు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఇరవై ఏళ్ళ ఇయాన్ మర్డాక్ అటువంటి సంకలనాన్ని పదిమంది కలిసి బహిరంగంగా తయారుచేయాలని సంకల్పించాడు. తన ప్రియురాలు డెబ్రా పేరునూ తన పేరునూ కలిపి దానికి నామకరణం చేశాడు. మర్డాక్ 2015లో మరణించాడు. అతడు నాటిన చెట్టు మాత్రం శాఖోపశాఖలుగా విస్తరించింది. మన దేశంలో సీడాక్ సంస్థ తెలుగుతో సహా భారతీయ భాషలకు అనువుగా రూపొందించిన బాస్ అనే వ్యవస్థకు ఆధారం డెబియనే. ప్రసిద్ధమైన ఉబుంటు కూడా దాని సంతానమే.

ఇక చిట్టా సంగతికి వద్దాం. డెబియన్‌లో ప్రతి ప్యాకేజీకీ ఒక చీటీ తగిలించి ఉంటుంది. మందు సీసాపై అంటించిన కాగితం వంటిది అది. ప్యాకేజీ పేరు, వెర్షన్ సంఖ్య, అది పనిచేయడానికి మరే ప్యాకేజీలు కావాలో వాటి జాబితా, దాని బాధ్యత వహించే సంరక్షకుని పేరు, చివరకు వర్ణన. వర్ణనలో మొదటి పంక్తి ఒక్కటే వాక్యఖండం, 80 అక్షరాలు దాటరాదు. దానికింద విపులమైన వివరణ. మొదటి పంక్తిని గురించి నియమాలు కఠినమైనవి. అందులో ప్యాకేజీ పేరును మళ్ళీ చెప్పకూడదు. ఇంగ్లీషులో నామవాచకానికి ముందు వచ్చే ఆర్టికల్‌తో మొదలుపెట్టకూడదు. ‘ఫలానాది ఒక...’ అన్న మాటల తరువాత ఆ పంక్తిని చేర్చి చదివితే వాక్యం సహజంగా కుదరాలి.

చిన్న విషయమే అనిపిస్తుంది. కాని సాఫ్ట్‌వేర్ వెతుక్కునే మనిషి చదివేది తరచుగా ఆ ఒక్క పంక్తినే. తన సృష్టి ఎంత గొప్పదో చెప్పుకోవాలన్న ఆరాటం సృష్టికర్తకు సహజం. అది ఏమి చేస్తుందో మాత్రమే చెప్పమంటుంది నియమం. పుస్తకాల అట్టల వెనుక ప్రశంసలు వ్రాసేవారికి ఇటువంటి నియమం ఒకటి ఉంటే బాగుండును.

ఈ వర్ణనలను ఇతర భాషలలోకి తెచ్చే స్వచ్ఛంద ప్రయత్నం కూడా డెబియన్‌లో ఉన్నది. తెలుగులోకి తేబోయే అనువాదకునికి ఒక సౌలభ్యం, ఒక చిక్కు ఎదురవుతాయి. మన భాషలో ఆర్టికల్ లేనే లేదు కనుక ఆ నియమం దానంతట అదే నెరవేరుతుంది. చిక్కల్లా పదాలతోనే. వేలాది వర్ణనలలో ‘లైబ్రరీ’ అన్న మాట వస్తుంది. దానిని గ్రంథాలయం అన్నామో, పాఠకుడు పుస్తకాల బీరువాలను ఊహించుకుంటాడు. ఇక్కడ దాని అర్థం ఇతర ప్రోగ్రాములు ఎరువు తెచ్చుకునే తయారు భాగాల సముదాయం. తెరవెనుక నిరంతరం పనిచేసే ప్రోగ్రామును ‘డీమన్’ అంటారు. దానిని దయ్యం అని అనువదిస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఇటువంటి చోట్ల ఇంగ్లీషు మాటను తెలుగు లిపిలో ఉంచడమే మర్యాద.

చీటీలన్నీ ఒకచోట చేర్చి, ఒకదానికింద ఒకటిగా పేర్చిన పెద్ద ఫైలు డెబియన్ భాండారంలో ఉంటుంది. ఒక్కొక్క పంక్తిలో ఒక్కొక్క అంశం, ఒక ప్యాకేజీకీ మరొకదానికీ నడుమ ఒక ఖాళీ పంక్తి. ఆ ఫైలును చదివి ప్యాకేజీకొక వెబ్ పుట తయారుచేసే ప్రోగ్రామును కాస్త అనుభవం ఉన్న విద్యార్థి ఒక సాయంత్రంలో వ్రాయగలడు. కష్టం అక్కడ లేదు. ఒకే ప్యాకేజీ ఒకే సమయంలో మూడు శాఖలలో మూడు వెర్షన్లుగా ఉంటుంది. స్థిరశాఖలో పాతది, పరీక్షశాఖలో నడిమిది, అస్థిరశాఖలో సరికొత్తది. (‘టాయ్ స్టోరీ’ చలనచిత్రంలో బొమ్మలను విరగ్గొట్టే తుంటరి కుర్రవాడు సిడ్. అస్థిరశాఖకు శాశ్వతంగా అతని పేరే పెట్టారు.) ఒకే మూలం నుంచి పది ప్యాకేజీలు పుట్టవచ్చు. ఇంటెల్ తరహా యంత్రానికి ఒక ప్రతి, ఆర్మ్ తరహా యంత్రానికి మరొక ప్రతి తయారవుతుంది. ఒకటి విజయవంతంగా తయారై మరొకటి మధ్యలో ఆగిపోవచ్చు. దోషాల ఫిర్యాదులు ఒక చోట, అనువాదాలు వేరొక చోట, ఎంతమంది వాడుతున్నారన్న లెక్క ఇంకొక చోట నమోదవుతాయి. ఆ లెక్క కూడా సమ్మతించినవారి కంప్యూటర్ల నుంచి మాత్రమే వస్తుంది. అడగకుండా ఎవరి ఇంట్లోకీ తొంగిచూడరు.

ఇన్ని కాలువల నీటిని ఒక చెరువులో చేర్చడానికి డెబియన్ వారు ‘అల్టిమేట్ డెబియన్ డేటాబేస్’ అనే సమాచారనిధిని నిర్మించుకున్నారు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ వ్యవస్థపై అది నడుస్తుంది. నియమిత వేళలలో అన్నిచోట్ల నుంచీ సమాచారం తెచ్చి అందులో పోస్తారు. ఆపైన ఎవరికి కావలసిన కోణంలో వారు దృశ్యాన్ని చూడవచ్చు. వాడుకరికి కావలసింది ఒక పుట, శిల్పికి కావలసింది మరొక పుట. వాడుకరి పుటలో వర్ణన, వెర్షన్, దిగుమతి చేసుకునే దారి ఉంటాయి. శిల్పి పుట ఆసుపత్రిలో రోగి మంచానికి వ్రేలాడదీసిన పట్టిక వంటిది. ఎన్ని దోషాలు తీరకుండా ఉన్నాయి, ఏ యంత్రంపై తయారు కాలేదు, మూలకర్త కొత్త వెర్షన్ విడుదల చేసినా డెబియన్‌లోకి ఇంకా రాలేదా, అన్నీ అందులో కనిపిస్తాయి. సంరక్షకుడు బాధ్యత వదులుకున్న ప్యాకేజీని ‘అనాథ’ అని బాహాటంగా ప్రకటిస్తారు. ఎవరైనా వచ్చి దత్తత తీసుకోవచ్చు. ఆ పరిభాషలో వాడే మాట కూడా దత్తతే.

ఏ వ్యాపార సంస్థ అయినా తన సరుకులోని లోపాలను ఇలా వీధిలో పరిచి చూపుతుందా? డెబియన్ 1997లో ప్రకటించుకున్న సామాజిక ఒడంబడికలో లోపాలను దాచబోమన్న వాగ్దానం ఒకటి ఉన్నది. ఈ పుటలు ఆ వాగ్దానానికి ఆచరణరూపం. అయినా కంటికి కనిపించనిదేదో ఎప్పుడూ మిగిలే ఉంటుంది. 2006లో డెబియన్‌లోని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలో ఒక మార్పు చేశారు. దోషం సరిదిద్దుతున్నామన్న సదుద్దేశంతోనే చేశారు. ఫలితంగా అది తయారుచేసే రహస్య తాళాలలో ఉండవలసిన అనూహ్యత నశించింది. లెక్కకు అందనన్ని ఉండవలసిన తాళాలు ఒక్కొక్క రకంలో 32 వేల పైచిలుకుకు కుదించుకుపోయాయి. సంగతి బయటపడింది 2008 మే నెలలో. మూలకర్త వ్రాసినదానికి డెబియన్ ఏమి చేర్చిందో, ఏమి తీసివేసిందో విడదీసి చూపే పుటలు తరువాతి కాలంలో ఏర్పడ్డాయి. ఒక్కొక్క గాయం తరువాత పట్టికలో ఒక కొత్త గడి చేరుతున్నదన్నమాట.

చిట్టా అంటే లోపాల జాబితా మాత్రమే కాదని నిరూపించినవాడు ఆండ్రియాస్ టిల్లె. భౌతికశాస్త్రజ్ఞుడైన ఈ జర్మన్ దేశస్థుడు 2002లో వైద్య, జీవశాస్త్రాల కోసం డెబియన్ మెడ్ అనే శాఖను ఆరంభించాడు. ప్రయోగశాలలో పనిచేసే శాస్త్రవేత్తకు 69 వేల ప్యాకేజీలతో ప్రయోజనమేమిటి? అతనికి కావలసినవి తన శాస్త్రానికి పనికివచ్చే వంద. అందుకని డెబియన్ మెడ్ పుటలు అక్షరక్రమాన్ని వదలి పనిని బట్టి విభజించారు. జీవశాస్త్రానికి ఒకటి, వైద్యచిత్రాలకు ఒకటి, ఆసుపత్రి నిర్వహణకు ఒకటి. ప్రతి ప్యాకేజీ పక్కనా దాని వర్ణన, ఏ శాఖలో ఏ వెర్షన్ ఉన్నది, దానిని గురించి వెలువడిన పరిశోధనపత్రం ఏది అన్న వివరాలుంటాయి. నాకు మరీ నచ్చినది ఆ పుట అడుగుభాగం. ఇంకా ప్యాకేజీగా మారని ఉపకరణాల పేర్లు కూడా అక్కడ చేరుస్తారు. లేనిదానిని కూడా నమోదు చేయడం వలన, చేతులు ఖాళీగా ఉన్న కొత్తవాడు ఎక్కడ మొదలుపెట్టాలో ఒక్క చూపులో తెలుస్తుంది. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ విజృంభించి జనం ఇళ్ళలో చిక్కుబడిన వేళ, డెబియన్ మెడ్ బృందం ఆ పరిశోధనకు పనికివచ్చే సాఫ్ట్‌వేర్ కోసం వారం పాటు అంతర్జాలం మీదుగా ఒక శ్రమదానం నిర్వహించింది. ఏవి ఉన్నాయో, ఏవి కావాలో పట్టికలు వ్రాసి పెట్టుకున్నవారు కనుక వెంటనే పనిలోకి దిగగలిగారు. టిల్లెను 2024లో డెబియన్ సభ్యులు తమ నాయకునిగా ఎన్నుకున్నారు.

ఆయన ఎన్నిక కావడానికి కొద్ది వారాల ముందే ఈ వ్యవస్థ మొత్తానికీ చెమటలు పట్టించిన ఘటన జరిగింది. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్ళను కుదించి చిన్నవి చేసే పనిముట్టు. డెబియన్ ప్యాకేజీలను కుదించేది కూడా చాలావరకు దానితోనే. దానిని ఏళ్ళ తరబడి ప్రధానంగా ఒక్క మనిషి, లాసె కొలిన్, జీతం లేకుండా పోషించాడు. మానసికంగా తనకు గడ్డుకాలం నడుస్తున్నదనీ, ఇది తీరిక వేళల్లో చేసే పని మాత్రమేననీ 2022లో ఆయన బహిరంగంగానే చెప్పుకున్నాడు. అప్పటికే జియా టాన్ అన్న పేరుతో ఒకరు సహాయకునిగా చేరి, ఓపికగా నమ్మకం సంపాదించి, చివరకు విడుదల చేసే అధికారం పొందారు. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెలువడిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి ఒకటి దాగి ఉన్నది. దూరం నుంచి కంప్యూటర్‌లోకి ప్రవేశించే ద్వారానికి అది మారుతాళం.

ఆ రోజులలో ఎక్స్‌జెడ్ చీటీని చూసినవారికి ఏమి కనిపించి ఉంటుంది? మూలకర్త సరికొత్త వెర్షన్ ఇచ్చాడు, అది అస్థిరశాఖలోకి వచ్చింది, ఆపైన పరీక్షశాఖలోకి దిగింది. పట్టిక దృష్టిలో కొత్తది రావడం ఆరోగ్యలక్షణం, వెనుకబడడమే లోపం. ద్వారం కాచే ప్రోగ్రాముకూ ఎక్స్‌జెడ్‌కూ నేరుగా సంబంధం లేదు. నడుమ సిస్టమ్‌డి అనే మరొక లైబ్రరీ ఉన్నది. ఆ గొలుసులోని ప్రతి లంకె పుటలలో నమోదై ఉన్నదే. అలసిపోయిన మనిషి ఒక్కడే ఆ బరువు మోస్తున్నాడన్న సంగతికి మాత్రం పట్టికలో గడి లేదు. అటువంటి గడి ఎలా తయారుచేయగలమో నాకు తోచదు. మనిషి అలసటను ఏ ప్రోగ్రాము లెక్కించగలదు?

దానిని పట్టుకున్నది పట్టిక కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. పోస్ట్‌గ్రెస్ నిర్మాతలలో ఒకడైన ఆయన డెబియన్ అస్థిరశాఖపై వేగాలు కొలుస్తూ, దూరప్రవేశానికి మామూలు కంటె అరసెకను ఎక్కువ పడుతున్నదని గమనించాడు. అరసెకనే కదా అని విడిచిపెట్టలేదు. తవ్వుకుంటూ పోయి దొంగదారిని చేరాడు. 2024 మార్చి 29న లోకానికి వెల్లడించాడు. కోట్లాది కంప్యూటర్లు ఆధారపడిన స్థిరశాఖలలోకి అది ఇంకా చేరలేదు.

డెబియన్ వెంటనే పాత వెర్షన్‌కు మరలింది. అయితే వెర్షన్ సంఖ్య ముందుకే గాని వెనక్కు నడవదు. చిన్న సంఖ్య ఇస్తే, కలుషితమైనది ఉన్న కంప్యూటర్లు దానిని కొత్తదిగా గుర్తించి తీసుకోవు. అందుకని వారు సదుపాయాన్నిపట్టి ఒక సంఖ్య కూర్చారు. పేరుకు 5.6.1, నిజానికి 5.4.5 అని అర్థం వచ్చేలా, ‘నిజానికి’ అన్న ఇంగ్లీషు మాటనే నడుమ ఇరికించి, 5.6.1+రియల్లీ5.4.5-1 అని వ్రాశారు. ఎక్స్‌జెడ్ ప్యాకేజీ చరిత్రను చూపే పుటలో, మిగిలిన విడుదలల నడుమ, ఆ సంఖ్య అలాగే నమోదై ఉన్నది.