నలుగురి చూపుల నడుమ

ఇంగ్లండు దేశపు సముద్రతీరమున ఆదివారము ఉదయము కనబడు దృశ్యమొకదానిని ఊహించుకొనుడు. ఒక పెద్దమనిషి పొడుగాటి కఱ్ఱవంటి సాధనమును చేతబట్టి, దాని చివరనున్న పళ్లెమువంటి చక్రమును ఇసుకపై ఇటునటు ఊపుచు, అడుగులో అడుగు వేసికొని నడచుచుండును. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని యుండును. ఉన్నట్లుండి ఆగును, మోకాళ్లపై కూర్చుండి చిన్న తాపీతో ఇసుకను త్రవ్వును, ఏదో తీసి, తిప్పి చూచి, సంచిలో వేసికొనును. ఈలోగా కుక్కను వెంటబెట్టుకొని షికారు వచ్చిన దంపతులు నిలిచి చూచుచుందురు. ఇద్దఱు పిల్లలు పరుగెత్తుకొని వచ్చి గుంట అంచున నిలుతురు. “ఏమి దొరికినదండీ, బంగారమేనా?” అని ఎవరో నవ్వుచు అడుగుదురు. దొరికినది సీసామూత. ఆ పెద్దమనిషి ముఖము జేవురించును. గుంటను త్వరత్వరగా పూడ్చి, జనములేని వైపునకు నడచిపోవును.

ఆయన చేతిలోని సాధనమును మెటల్ డిటెక్టరు అందురు. భూమిలో దాగిన లోహవస్తువుల జాడ తెలుపు యంత్రమని అర్థము. బ్రిటనులో వేలకొలది జనులకు ఇది విరామకాలపు వేడుక. వారిలో పలువురిని బాధించునది చలియు వానయు కాదు; పరాయివారి చూపు. అందుచేత కొందఱు తెల్లవాఱకమునుపే తీరమునకు పోదురు. కొందఱు ముసురుపట్టిన దినముకొఱకు ఎదురుచూతురు. మఱికొందఱు యంత్రము కొని, ఒకటి రెండు మారులు వాడి, అటకపై పెట్టివేయుదురు.

ఈ సంకోచము ఆ వేడుకకే ప్రత్యేకమైనది కాదు. రేడియో ఉద్యోగులమైన మాకును ఇది చిరపరిచితమే. స్టూడియోలో తలుపు మూసికొని ఎంతసేపైనను తొట్రుపాటు లేక మాటలాడగల మేము, సంతలోని సందడిని రికార్డు చేయుటకు మైకు పట్టుకొని నిలుచుంటిమా, చుట్టును జనము మూగును. మా గొంతు మాకే కొత్తగా వినబడును. ఒకమారు సంతలో కమ్మరి కొలిమివద్ద సుత్తిదెబ్బల చప్పుడు పట్టుటకు పోయి, చూపరులకు వెఱచి, పని సగములో ఆపి తిరిగి వచ్చినంత పని చేసితిమి. కనుక ఈ సంకోచము ఎచ్చటనుండి పుట్టుచున్నది, అందు నిజమెంత, భ్రమ యెంత అని విచారించుట మాకును శ్రోతలకును ఉపయోగకరమని తలచి ఈ ప్రసంగమునకు పూనుకొంటిమి.

ముందుగా యంత్రము సంగతి. దానికిని రేడియోకును దగ్గఱి చుట్టఱికము కలదు. చక్రములో రాగితీగ చుట్ట యుండును. క్షణక్షణము దిక్కు మార్చుకొను విద్యుత్తు అందులో ప్రవహించి, చుట్టును అయస్కాంతక్షేత్రమును కల్పించును. ఆ క్షేత్రము భూమిలోని నాణెమునో మేకునో తాకినప్పుడు, ఆ లోహములో సుడులవలె చిన్న విద్యుత్ప్రవాహములు పుట్టును. అవి తమ వంతుగా మఱియొక స్వల్పమైన క్షేత్రమును కల్పించును. యంత్రము ఆ మార్పును పసిగట్టి చెవిలో ధ్వనిగా మార్చును. మేకు ధ్వని వేఱు, వెండినాణెపు ధ్వని వేఱు. ఆ తేడాను గుర్తించుటలోనే నేర్పంతయు ఉన్నది. ఆ నేర్పు గలవారికి సైతము దొరకు వస్తువులలో ఎక్కువభాగము త్రుప్పుపట్టిన మేకులు, డబ్బామూతలు, రేకుముక్కలే.

ఈ సూత్రముతో లోహమును వెదకుటకు జరిగిన తొలి ప్రయత్నములలో ఒకటి చూపరుల నడుమనే జరిగినది. 1881 జూలై 2వ తేదీన అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డును ఒకడు తుపాకితో కాల్చెను. గుండు శరీరములో ఎచ్చట నిలిచినదో వైద్యులకు తెలియలేదు. టెలిఫోను నిర్మాతయైన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఒక సాధనమును కల్పించి, టెలిఫోను గొట్టమును చెవికి ఆనించుకొని, అధ్యక్షుని పడకచెంత నిలిచి వెదకెను. వైద్యులు చూచుచుండిరి, దేశమంతయు ఫలితమునకై ఎదురుచూచుచుండెను. గుండు జాడ తెలియలేదు. పరుపులో ఉక్కు స్ప్రింగులుండుట యంత్రమును తికమకపెట్టిన కారణములలో ఒకటి. ఆ సెప్టెంబరు 19వ తేదీన అధ్యక్షుడు మరణించెను. నలుగురి నడుమ లోహమును వెదకి రిక్తహస్తములతో మరలిన ఘనులలో బెల్ ఒకడన్నమాట. అయినను సూత్రము తప్పు కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున పోలండు సేనాధికారి యూసెఫ్ కొసాత్స్కీ రూపొందించిన డిటెక్టరు 1942లో ఈజిప్టునందలి ఎల్ అలమైన్ వద్ద మందుపాతరలను వెదకి, సైనికులకు దారి చూపినది.

ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. యంత్రపు ధ్వని, వెదకువాని చెవిలోనే వినబడును. చూపరులకు వినబడదు. వారికి కనబడునది ఒక మనిషి ఊరక నడచుట, హఠాత్తుగా ఆగుట, నేలపై కూలబడుట మాత్రమే. కారణము తెలియని చేష్ట ఎవరికైనను వింతగానే తోచును. తలుపు సందునుండి చూచువానికి పాట వినబడక నాట్యము మాత్రమే కనబడినట్లు! అనగా వారి చూపునకు మొదటి కారణము హేళన కాదు, అర్థము కాకపోవుట.

ఇక చూడబడువాని మనస్సులోనికి పోదము. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున థామస్ గిలోవిచ్ అను మనశ్శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఈ విషయమును పరీక్షించి 2000 సంవత్సరమున ఫలితములను ప్రకటించిరి. ఒక విద్యార్థికి, తొడుగుకొనుటకు సిగ్గుపడునట్టి, గాయకుని బొమ్మ గల చొక్కా నొకదానిని తొడిగి, ఇతర విద్యార్థులు కూర్చున్న గదిలోనికి పంపిరి. వెలుపలికి వచ్చిన పిమ్మట, “నీ చొక్కాపై బొమ్మ ఎవరిదో ఎందఱు గుర్తించియుందురు?” అని అడిగిరి. దాదాపు సగము మంది గుర్తించి యుందురని ఆ విద్యార్థులు ఊహించిరి. గదిలోనివారిని విచారింపగా, గుర్తించినవారు ఇంచుమించు నాలుగవవంతు మాత్రమే. మనపై నాటకరంగపు దీపమొకటి వెలుగుచున్నదని మనము భావింతుము. నిజమునకు ఎవరి దీపము వారి ముఖముపైననే వెలుగుచుండును.

చొక్కా మాట వేఱు, తీరమున గుంట త్రవ్వుట వేఱు. అచ్చట జనులు నిజముగనే నిలిచి చూచుచున్నారు గదా యని శ్రోతలు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనది. చూపు ఉన్నమాట నిజము. కాని ఆ చూపువెనుక మన మూహించుకొను తీర్పు అంత కఠినమైనది కాదు. ఆ పరిశోధకులే 2001లో ప్రకటించిన మఱికొన్ని పరీక్షలలో, నలుగురిలో పొరపాటు చేసినవారు, చూపరులు తమను తక్కువగా ఎంచుదురని భయపడినంతగా చూపరులు ఎంచలేదని తేలినది. సీసామూతను చూచి నవ్విన దంపతులు పది అడుగులు వేయకమునుపే తమ మధ్యాహ్నభోజనమును గూర్చి మాటలాడుకొనుచుందురు. ఆ నవ్వును ఇంటివరకు మోసికొనిపోవువాడు త్రవ్వినవాడే.

చూపువలన పని చెడుట మాత్రము కల్పన కాదు. రాబర్ట్ జాయన్స్ అను శాస్త్రజ్ఞుడు అంతవఱకు జరిగిన పరీక్షలను పరిశీలించి, బాగుగ అలవడిన పని పరుల యెదుట మఱింత చురుకుగా సాగుననియు, ఇంకను నేర్చుకొనుచున్న పని తడబడుననియు 1965లో ప్రతిపాదించెను. 1969లో ఆయనయు సహచరులును బొద్దింకలతో ఒక వినోదకరమైన పరీక్ష జరిపిరి. ఇతర బొద్దింకలు చూచుచుండగా, తిన్నని దారిలో బొద్దింక వేగముగ పరుగెత్తినది. మలుపుల దారిలో ఆలస్యము చేసినది. మనుష్యులలో ఈ ప్రభావము మిక్కిలి పెద్దది కాదని తరువాతి పరిశీలనలు తెలిపినవి. కాని క్రొత్తగా డిటెక్టరు కొన్నవాడు ధ్వనుల తేడా తెలియకయే జనసమ్మర్దము గల తీరమునకు పోవుట, మలుపుల దారిలోని బొద్దింక పాటు పడుటయే. అందుకే అనుభవజ్ఞులు ముందుగా తమ పెరటిలోనే కొన్ని నాణెములను, మేకులను పాతిపెట్టి, ఏది ఎట్లు పలుకునో చెవికి అలవాటు చేసికొందురు.

ఇంతవఱకు చెప్పినది హేళనభయము. దీనివెంట మఱియొక భయము కలదు. అది అనుమానమునకు గురియగుదుమేమో అను భయము. ఈ రెంటిని వేఱుచేసి చూడవలెను. మొదటిది చాలవఱకు భ్రమ. రెండవదానికి తగిన కారణము కలదు. భూమిలో దాగినది త్రవ్వినవానికే చెందదు. ఇంగ్లండులో భూమి యజమాని అనుమతి లేనిదే వెదకరాదు. రక్షితమైన పురాతనస్థలములలో ప్రత్యేకానుమతి లేక డిటెక్టరు వాడుట 1979 నాటి చట్టము ప్రకారము నేరము. 1996లో చేసిన నిధుల చట్టమును బట్టి, నిధి దొరికినవాడు 14 దినములలోగా కరోనరు అను అధికారికి తెలియజేయవలెను.

ఇట్టి చట్టము వచ్చుటకు ప్రేరకమైన ఘటనలలో వాన్‌బరో కథ యొకటి. సర్రే మండలమునందలి ఆ గ్రామమువద్ద రోమనులకాలపు దేవాలయస్థలమొకటి యుండెను. 1980 తరువాతి సంవత్సరములలో కొందఱు చీకటివేళ డిటెక్టరులతో వచ్చి ఆ స్థలమును కొల్లగొట్టిరి. వేలకొలది నాణెములు చెదరిపోయినవి. నాణెములు పోవుట ఒక నష్టము. అవి ఏ పొరలో, ఏ వస్తువు సరసన ఉండెనో తెలియకపోవుట అంతకన్న పెద్ద నష్టము. ఆ సమాచారము ఒకమారు చెదరినచో మరల కూడదు. కనుక, చూపులకు వెఱచి వేకువచీకటిలో పోవు అమాయకుడు ఒక సంగతి గుర్తింపవలెను. పగలు వింతగా కనబడువాడు చీకటిలో దొంగగా కనబడును.

దీనికి ప్రతిగా 1992 నవంబరు 16వ తేదీన సఫోక్ మండలమునందలి హాక్సన్ గ్రామమువద్ద జరిగినది చూడుడు. పీటర్ వాట్లింగ్ అను రైతు తన పొలములో సుత్తిని పోగొట్టుకొనెను. దానిని వెదకిపెట్టుమని తన మిత్రుడు ఎరిక్ లాస్‌ను కోరెను. లాస్ డిటెక్టరుతో వెదకగా సుత్తికి బదులు వెండిగరిటెలు, బంగారునాణెములు బయటపడినవి. ఆయన త్రవ్వుట అంతటితో ఆపి, అధికారులకు కబురు పంపెను. మఱునాడు పురావస్తుశాస్త్రజ్ఞులు వచ్చి, వస్తువులు ఉన్నచోట ఉన్నట్లుగా పరిశీలించుచు బయటకు తీసిరి. రోమనుల కాలపు నాణెములు 14,000కు పైగా లభించినవి. వాటితో దాదాపు 200 ఇతర వస్తువులును దొరికినవి. నిధి బ్రిటిషు మ్యూజియమునకు చేరినది. పదిహేడున్నర లక్షల పౌనుల పారితోషికమును లాస్ ఆ రైతుతో పంచుకొనెను. పోయిన సుత్తియు దొరికి, అదియు మ్యూజియమునకే చేరినది! నలుగురిని తానే పిలిచి చూపినవానికి ఎవరి చూపునకు వెఱవవలసిన పని లేకపోయినది.

మన దేశమున ఈ వేడుక అంతగా లేదు; ఉండవలెనని మేము చెప్పుటయు లేదు. 1878 నాటి నిధినిక్షేపముల చట్టము ప్రకారము, పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికినవాడు కలెక్టరునకు వ్రాతమూలకముగా తెలియజేయవలెను. గుప్తనిధుల ఆశతో పాతగుళ్లలోను కోటలలోను గర్భగుడి రాళ్లు పెకలించు దురాగతములను మనము ఎఱుగుదుము. కనుక ఊరివెలుపలి శిథిలాలయమువద్ద ఎవరైన యంత్రముతో తిరుగుచుండగా, “ఎవరు బాబూ మీరు? ఏమి పని మీద వచ్చినారు?” అని అడుగు గ్రామపెద్ద తప్పు చేయుటలేదు. ఆ గుడికి ఆయన చూపే కావలి. అడిగినంతమాత్రమున చిన్నబుచ్చుకొనక, అనుమతిపత్రము చూపి సమాధానము చెప్పుట వచ్చినవాని విధి.

ఇంతకును నలుగురి నడుమ పని చేయవలసినవాడు చేయదగిన దేమి? పని ముందుగా ఏకాంతమున అలవాటు చేసికొనవలెను. అనుమతి పొంది, ఆ పత్రము దగ్గఱ నుంచుకొనవలెను. త్రవ్విన గుంటను, ఎవరు చూచినను చూడకున్నను, పూడ్చవలెను. చూచువారిని తప్పించుకొని పోక తానే ముందుగా పలుకరింపవలెను. అన్నిటికన్న ముఖ్యముగా, తనకు వినబడునది వారికిని వినిపింపవలెను.

ఈ చివరి మాటను మేము గ్రంథములలో చదివి చెప్పుటలేదు. పైన పేర్కొన్న కొలిమివద్ద, పని మానివేయుదమా యని మేము తటపటాయించుచుండగా, పదేండ్ల పిల్లవాడొకడు మా మోచేతి క్రిందికి దూరి, మా హెడ్‌ఫోన్లవంక రెప్పవాల్చక చూచుచుండెను. మేము వాటిని తీసి వాని చెవులకు తగిలించితిమి. సుత్తిదెబ్బ పడినది. వాని కన్నులు పెద్దవైనవి. రెండవ దెబ్బ పడులోపల వాడు వెనుకకు తిరిగి, మూగియున్న జనమునంతటిని గదిమినాడు: “అబ్బ, ఊరుకోండి! వినబడటం లేదు!”

జనము సద్దుమణిగినది. ఆనాటి సంతలో మేము రికార్డు చేసినవాటిలో అన్నిటికన్న స్పష్టముగా వచ్చినది ఆ కొలిమి చప్పుడే.